ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు



నేను హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు నానుకొనియున్న ఫిలిం నగరులో నివసించువాడను. తెలుగు చలనచిత్రములకు ఇది పుట్టినిల్లు వంటిది. మా వీధిలో "తార" యన్నచో చిన్న పిల్లవాడు సైతము సినిమా నటిని తలచుకొనును గాని ఆకాశము వంక చూడడు. చూచినను వానికి కానవచ్చునది మిక్కిలి స్వల్పము. మొన్న రాత్రి భోజనమైన పిమ్మట మేడపైకి పోయి చుక్కలను లెక్కించితిని. మబ్బు లేదు, వెన్నెల లేదు. ఐనను నా లెక్క ఇరువది దాటలేదు. వీధిదీపములు, అంగళ్ల దీపములు, ప్రకటనల వెలుగులు అన్నియు కలిసి ఆకాశమునకు బూడిద పూసినట్లు చేసినవి. మీరు మీ పొలము గట్టుపై నిలిచి తలయెత్తి చూచునపుడు కనబడు ఆకాశము వేరు, మా ఆకాశము వేరు. ఈ భేదము నేడు నేను చెప్పబోవు కథలో ముఖ్యమైనది. కనుక దీనిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన.

మా కొండలకు తూర్పుగా నాలుగైదు మైళ్ల లోపల బేగంపేట యను చోటు కలదు. ఒకప్పుడు అచ్చట రాత్రులు మేలుకొని చుక్కలను పటమున కెక్కించిన వేధశాల యుండెను. ఆ వేధశాల నీడలో పెరిగిన బాలుడొకడు, పెద్దవాడై, నక్షత్రముల వెలుగును చదివి వాని నిజమైన కాంతిని తెలిసికొను నుపాయమును లోకమునకు చూపెను. ఆయనయే మనలి కల్లాట్ వైను బప్పు. వారి పూర్వులు మలబారు దేశమున తలచేరివారు. వారు 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. ఐనను పెరిగినది హైదరాబాదు. చదివినది ఇచ్చటి నిజాం కళాశాల. కాబట్టి ఆయనను మనవాడని చెప్పుకొనుటకు మనకును కొంత హక్కు కలదు.

మొదట ఆ వేధశాల సంగతి కొంత చెప్పెదను. హైదరాబాదు సంస్థానమున నవాబు జఫర్ జంగు అను ప్రభువొకరు ఖగోళ శాస్త్రమందు ఆసక్తి గలవారై, 1901వ సంవత్సరమున ఇంగ్లండునుండి 15 అంగుళముల కటకము గల పెద్ద దూరదర్శినిని తెప్పించి తమ స్వంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పిరి. దానికి నిజాం ప్రభువు పేర నిజామియా వేధశాల యని నామకరణము జరిగెను. వారు 1907లో గతించిరి. 1908లో ప్రభుత్వము వారు దానిని స్వీకరించి బేగంపేటలో నిలిపిరి. ఆ కాలమున బేగంపేట ఊరి వెలుపలి చోటు. దానికి పడమటనున్న మా కొండలు వట్టి రాళ్లును, ముళ్లపొదలును మాత్రమే. రాత్రి యైనచో గాఢమైన చీకటి. చుక్కలను చూచువానికి చీకటియే పెట్టుబడి కదా!

ఆ వేధశాల చేసిన గొప్ప పని యొకటి కలదు. 1887లో పారిసు నగరమున శాస్త్రజ్ఞులు సభచేసి, ఆకాశమంతయు ఛాయాచిత్రములు తీసి, ప్రతి చుక్కయొక్క స్థానమును కొలిచి పట్టిక వ్రాయవలెనని నిశ్చయించిరి. పొలమును సర్వే చేసి నంబరు లిచ్చినట్లే యనుకొనుడు. ఆకాశమును భాగములుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క భాగము నొప్పగించిరి. దక్షిణ అమెరికాలోని సాంటియాగో వేధశాలవారు తమ వంతు పూర్తి చేయలేకపోగా, ఆ భాగమును మన హైదరాబాదువారు తమ భుజములపై వేసికొనిరి. 1914 మొదలు 1929 వరకు శ్రమించి 7,63,000కు పైగా నక్షత్రముల స్థానములను కొలిచిరి. ఈ కాలమున పెక్కు సంవత్సరములు వేధశాలకు అధ్యక్షులుగా నున్నవారు భాస్కర శాస్త్రిగారు. ఆ పదవి నధిష్ఠించిన మొదటి భారతీయులు వారే.

ఇచ్చట మా ఫిలిం నగరువారికి సంబంధించిన మాట యొకటి చెప్పవలెను. ఆ చుక్కల చిత్రములు తీసినది గాజు ఫలకములపై. ఆ ఫలకములకు వెండి లవణములను కలిపిన పూత పూయుదురు. వెలుగు తగిలినచోట ఆ పూత మారును. మందునీటిలో కడిగినచో నల్లబడును. తరువాతి కాలమున ఈ కొండలపై వెలసిన స్టూడియోలలో నటీనటుల ముఖములను పట్టిన ఫిల్ముపై నున్నదియు ఇట్టి వెండి పూతయే. భేద మేమనగా, స్టూడియోలో వేయి దీపముల వెలుగు నటుని ముఖముపై పడుచుండగా రెప్పపాటులో చిత్రము పడును. చుక్కనుండి వచ్చు వెలుగు అత్యల్పము గనుక ఫలకమును నిమిషములు గాని, గంటలు గాని తెరచియుంచి, దూరదర్శినిని ఆకాశముతో పాటు మెల్లమెల్లగా త్రిప్పుచు కూర్చుండవలెను. నేడు రెండు చోట్లను ఫిల్ము పోయి ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చినవి. ఐనను ఓపిక మాత్రము మారలేదు.

వైను బప్పుగారి తండ్రి ఈ నిజామియా వేధశాలలో సహాయకులుగా పనిచేసెడివారు. తల్లిదండ్రులకు ఈయన యొక్కడే సంతానము. వడ్రంగి కొడుకు ఉలి పట్టుట నేర్చినట్లు, ఈ బాలుడు దూరదర్శినిని పట్టుట నేర్చెను. విద్యార్థిగా నున్నప్పుడే, వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండు మారుతారలను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. భౌతిక శాస్త్రమున ఎం.ఎస్సి. పట్టమును పొందిన పిదప, హైదరాబాదు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో 1949లో అమెరికా దేశమందలి హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లెను.

అచ్చట చేరి కొలది మాసములైనను కాకమునుపే యొక విశేషము జరిగెను. 1949 జూలై 2వ తేదీ రాత్రి ఆయన తీసిన చిత్రఫలకముపై, అంతకుముందు ఎవ్వరును చూడని తోకచుక్క యొకటి కానవచ్చెను. ఆచార్య బార్టు బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ అనువారలు ఆ పరిశీలనమున పాలుపంచుకొనిరి. అందుచే దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క యని పేరు వచ్చెను. దాని మార్గమును లెక్కింపగా, సూర్యుని చుట్టు ఒకసారి తిరిగి వచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని తేలెను. ఈ తోకచుక్కకై పసిఫిక్ ఖగోళ సంఘమువారు ఆయనకు డోనహూ పతకము నిచ్చి గౌరవించిరి. తోకచుక్క కనబడిన రాజ్యమునకు కీడని మన పల్లెలలో ఒక నమ్మకముండెడిది. ఈ తోకచుక్క మాత్రము 22 ఏండ్లు నిండని యువకునకు మేలే చేసెను!

తోకచుక్కను కనుగొనుటలో అదృష్టమునకు కొంత పాలుండును. కాని తరువాత ఆయన చేసిన పని కేవలము బుద్ధిబలమువలనను, ఓపికవలనను సాధించినది. దానిని నిదానముగా వివరించెదను.

మీరు చీకటిరాత్రి బండిపై పోవుచున్నారనుకొనుడు. దూరమున ఒక దీపము కనబడినది. అది దగ్గరనున్న చిన్న లాంతరా, లేక దూరముననున్న పెట్రోమాక్సు దీపమా? కంటికి రెండును ఒకే తీరున మినుకుమినుకు మనుచుండును. అది లాంతరని యెవరైన చెప్పినచో, "ఇంత మసకగా కనబడుచున్నది గనుక ఇన్ని గజముల దూరమున నున్నది" యని మీరు లెక్క కట్టగలరు. ఏలయన, దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవ వంతగును. దూరము మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. దీపముయొక్క స్వంత శక్తి తెలియుటయే కావలసినది.

చుక్కల విషయమునను చిక్కు ఇదియే. మనకు ఒకే తీరుగా కనబడు రెండు చుక్కలలో నొకటి దగ్గరనున్న చిన్నది కావచ్చును, మరియొకటి అతిదూరముననున్న బృహత్తార కావచ్చును. మిక్కిలి దగ్గరి చుక్కలకు వేరొక ఉపాయము కలదు. బొటనవ్రేలిని ముందుకు చాచి, ఒక్కొక్క కన్ను మూసి చూచినచో వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును గదా! అట్లే భూమి సూర్యుని కీవలనున్నప్పు డొకసారి, ఆరు మాసములకు ఆవలి కేగినప్పు డొకసారి చూచినచో దగ్గరి చుక్క కొంచెము జరిగినట్లు కనబడును. దానినిబట్టి దూరము లెక్కింతురు. కాని దూరపు చుక్కలలో ఆ జరుగుట మిక్కిలి సూక్ష్మము. 1950 ప్రాంతపు పరికరములకు అది అందదయ్యెను. అందుచే చుక్క స్వంతశక్తిని దాని వెలుగునుండియే తెలిసికొను మార్గము కావలసివచ్చెను.

చుక్క వెలుగును పట్టకపు గాజుగుండ పంపినచో ఇంద్రధనుస్సువలె రంగులుగా విడిపోవును. దానికి వర్ణపటమని పేరు. అందు అచ్చటచ్చట నల్లని గీతలుండును. ఒక్కొక్క మూలపదార్థము తనకు తగిన తావుననే గీతను పెట్టును. వేలిముద్రనుబట్టి మనిషిని గుర్తించినట్లు, గీతనుబట్టి చుక్కలో నున్న పదార్థమును గుర్తింపవచ్చును. ఊదారంగు చివరను రెండు వెడల్పైన నల్లని గీతలు కలవు. వానికి శాస్త్రజ్ఞులు హెచ్ యనియు, కె యనియు పేళ్లు పెట్టిరి. అవి కాల్షియము వలన కలుగునవి. కాల్షియమనగా మరేమో కాదు. మీరు తమలపాకునకు రాచుకొను సున్నమునందలి లోహమే. అది చుక్కలలోను కలదు!

సూర్యునివంటి తారలయందును, వానికంటె చల్లని తారలయందును ఆ నల్లని గీత నడుమ మిక్కిలి సన్నని వెలుగుగీత యొకటి కానవచ్చును. బప్పుగారు హార్వర్డులో డాక్టరు పట్టము పొందిన పిదప, 1952లో కార్నెగీ సంస్థవారి పారితోషికముతో కాలిఫోర్నియాలోని మౌంటు విల్సన్, పాలొమార్ వేధశాలలకు వెళ్లిరి. అచ్చటి ఆలిన్ విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, అనేక తారల వర్ణపటములందు ఈ నడిమి వెలుగుగీత వెడల్పును కొలిచిరి. కొలువగా కొలువగా వారికొక నియమము దొరికినది. స్వంతకాంతి తక్కువైన తారలలో ఈ గీత సన్నము; స్వంతకాంతి యెక్కువైన తారలలో వెడల్పు. గీత వెడల్పు రెట్టింపైనచో తారయొక్క స్వంతకాంతి సుమారు 60 రెట్లు హెచ్చును. తారయొక్క వేడిమి ఏదైనను, రంగు పసుపైనను ఎరుపైనను నియమము మాత్రము మారదు. ఆ గీత ఎంత నల్లగా, ఎంత తెల్లగా నున్నదను దానితో పనిలేదు, వెడల్పొక్కటియే చాలును.

ఇట్లేల జరుగుననగా, తార ఉపరితలముపై వేడియైన పలుచని వాయువు పొర యొకటి యుండును. సూర్యునివలె చిన్నదై గట్టిగా ముడుచుకొనియున్న తారలో ఆకర్షణ బలము హెచ్చు. అందుచే గీత సన్నము. పెద్దదై ఉబ్బియున్న తారలో పైపొరను పట్టియుంచు బలము తక్కువ. అందుచే గీత వెడల్పని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఈ పరిశోధన 1957లో ప్రకటింపబడెను. నాటినుండి ప్రపంచమంతటను దీనిని "విల్సన్-బప్పు ఫలితము" అని పిలుచుచున్నారు. ఇది దీపము లాంతరో పెట్రోమాక్సో చెప్పునట్టి గుర్తు. గీతను కొలుచుట, స్వంతకాంతిని తెలిసికొనుట, కంటికి కనబడు వెలుగుతో పోల్చుట, దూరమును లెక్కించుట — ఇంతియే. తరువాతి కాలమున ఉపగ్రహములు పంపి తారల దూరములను సూక్ష్మముగా కొలుచు మార్గములు వచ్చినవి. ఐనను ఈ నియమము నేటికిని పాఠ్యగ్రంథములందు నిలిచియున్నది.

మీకు తెలిసిన చుక్కలలో రోహిణి, స్వాతి ఇట్టి జాతివే. కార్తెలను లెక్కించి విత్తనము చల్లు మీకు ఈ పేళ్లు నేను చెప్పవలసిన పనిలేదు. రెండును పెద్దవై ఉబ్బిన తారలు. స్వాతి మనకు సుమారు 37 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. రోహిణి సుమారు 65 కాంతి సంవత్సరములు. కాంతి సంవత్సరమనగా వెలుగు ఒక సంవత్సరములో పోవు దూరము. వెలుగు ఒక్క సెకనులో 1,86,000 మైళ్లు పోవును. సూర్యుని వెలుగు మనలను చేరుటకు ఎనిమిది నిమిషములు పట్టును. మీలో 65 ఏండ్లు నిండినవారు ఈ మారు రోహిణిని చూచునపుడు ఒక్క క్షణమాగి తలచుకొనుడు: మీ కంటిలో పడిన ఆ వెలుగు, ఇంచుమించు మీరు పుట్టిన నాడు అచ్చటినుండి బయలుదేరినది.

ఇంత ప్రఖ్యాతి పొందిన యువకుడు అమెరికాలోనే యుండి గొప్ప దూరదర్శినులతో పనిచేయుచు కాలము గడపియుండవచ్చును. ఆయన అట్లు చేయలేదు. 1953లో స్వదేశమునకు తిరిగివచ్చెను. ఆనాడు మన దేశమున చెప్పుకొనదగిన క్రొత్త దూరదర్శిని యొక్కటియు లేదు. 1954లో ఉత్తర ప్రదేశ ప్రభుత్వమువారు కాశీలో నెలకొల్పిన వేధశాలకు ఆయన అధిపతి యయ్యెను. వేధశాలకు కావలసినది నగరము కాదు, కొండ. అందుచే అది హిమాలయములలోని నైనితాలునకు తరలింపబడెను. 1960లో దక్షిణదేశమందలి కొడైకెనాలు వేధశాలకు డైరెక్టరుగా నియమితుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 33 ఏండ్లు కూడ నిండలేదు.

కొడైకెనాలు వేధశాల సూర్యుని పరిశీలించుటకు పేరుపొందినది. కాని అచ్చట రాత్రులందు మంచు, మేఘములు ఎక్కువ. చుక్కలను చూచుటకు వేరొక చోటు కావలెనని బప్పుగారు వెదకి వెదకి, తమిళదేశమున వాణియంబాడి ప్రాంతమునందలి జవ్వాది కొండలలో కావలూరను అడవి పల్లెను ఎన్నుకొనిరి. సముద్రమట్టమునకు 725 మీటర్ల యెత్తు. చుట్టును చందనపు చెట్లు గల అడవి. నగరదీపములు లేవు. భూమధ్యరేఖకు దగ్గర గనుక దక్షిణాకాశము కూడ చక్కగా కానవచ్చును. చిత్తూరు జిల్లా కుప్పము వైపువారికి అది అంత దూరము కాదు.

1968లో అచ్చట మొట్టమొదట నిలిపిన దూరదర్శిని 38 సెంటీమీటర్లది. దానిని కొడైకెనాలు కర్మాగారములోనే తయారుచేసిరి. పెద్దలారా! 38 సెంటీమీటర్లనగా 15 అంగుళములు. బేగంపేటలో ఆయన బాల్యమున చూచిన దూరదర్శినియు 15 అంగుళములదే. కాని అది సీమనుండి కొని తెచ్చినది. ఇది మనవారు చేతులతో చేసినది. 1972లో జర్మనీనుండి తెప్పించిన ఒక మీటరు వ్యాసము గల దూరదర్శినిని గూడ కావలూరులో నిలిపిరి. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక చుక్కకు అడ్డుగా వచ్చినప్పుడు, ఆ గ్రహము చుట్టును వలయములున్నవని మొదటిసారిగా బయటపడెను. ఆ రాత్రి ఆ మరుగును పరిశీలించి కొలతలు తీసిన కొలది స్థానములలో కావలూరు నొకటి.

ఈ నడుమ, 1971లో కొడైకెనాలు వేధశాల స్వతంత్ర ప్రతిపత్తి గల భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థగా మారెను. పిదప దాని ముఖ్యకార్యాలయము బెంగుళూరునకు వచ్చెను. బప్పుగారి మనస్సులో అంతకంటె పెద్ద కోరిక యొకటి యుండెను. రెండు మీటర్లకు మించిన అద్దము గల దూరదర్శినిని, కొని తెచ్చుట కాక, మన దేశములోనే నిర్మింపవలెను. గాజుముద్దను మాత్రము విదేశమునుండి తెప్పించి, దానిని సానపట్టుట, మెరుగుపెట్టుట, బరువైన ఇనుప చట్రము కట్టుట, గోపురము లేపుట మన పనివారిచేతనే చేయింపవలెనని నిశ్చయించిరి. అద్దపు ఉపరితలము వెంట్రుక మందములో వందల వంతైనను తప్పరాదు. కొనినచో త్వరగా పని యగునని చెప్పుట సులభము. కాని కొన్నవానికి యంత్రము మాత్రమే దక్కును. చేసినవానికి విద్య కూడ దక్కును. ఆయన నిర్ణయమునకు అర్థమిదియే యని నా తలంపు.

ఇంతలో ఆయన కీర్తి లోకమంతట వ్యాపించెను. 1970లో భట్నాగరు బహుమానము, 1981లో పద్మభూషణ బిరుదము లభించెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సంఘమునకు అధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ పీఠము నెక్కిన మొదటి భారతీయులు వారే. 1982 ఆగస్టులో గ్రీసు దేశమున పట్రాస్ నగరమున ఆ సంఘము మహాసభ జరుగవలసి యుండెను. అధ్యక్షస్థానమున కూర్చుండవలసిన బప్పుగారు సభకు చేరలేకపోయిరి. గుండెజబ్బుకై జర్మనీలోని మ్యూనిక్ నగరమున శస్త్రచికిత్స జరిగెను. ఆగస్టు 19వ తేదీన అచ్చటనే కన్నుమూసిరి. 55 ఏండ్లు నిండి అప్పటికి తొమ్మిది దినములు మాత్రమే యయ్యెను.

పెద్ద దూరదర్శిని అప్పటికి పూర్తి కాలేదు. ఆయన తన కంటితో దానిగుండ ఒక్క చుక్కనైనను చూడలేదు. మామిడి టెంక నాటినవాడు పండు తినకయే పోయెనని మనము విచారింతుము. కాని ఆయన చేతిక్రింద పని నేర్చినవారు పని ఆపలేదు. 1985 నవంబరులో 2.34 మీటర్ల దూరదర్శిని సిద్ధమై ఆకాశమును చూచెను. ఆనాటికి మన దేశములో అంతకంటె పెద్దది లేదు. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవు గాంధీగారు ఆ దూరదర్శినికిని, కావలూరు వేధశాలకును వైను బప్పు పేరు పెట్టిరి.

ఇక మా హైదరాబాదు సంగతికి వత్తును. బేగంపేట చుట్టును ఊరు పెరిగెను. దీపములు పెరిగెను. ప్రక్కనే అమీరుపేటలో సారథి స్టూడియో వెలసెను; 1976లో ఈ కొండలలో అన్నపూర్ణ స్టూడియో వెలసెను; పిమ్మట ఫిలిం నగరు నిండెను. భూమిపై తారలు హెచ్చిన కొలది ఆకాశమున తారలు తగ్గినవి. వేధశాల నడిపించుచున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు చీకటిని వెదకికొనుచు నాగార్జునసాగరు దారిలో జపాల్, రంగాపూర్ గ్రామముల కడకు పోయి, 1968లో అచ్చట 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. బేగంపేట ఆవరణములో నేడు ఆర్థిక సాంఘిక విషయముల పరిశోధన సంస్థ నడచుచున్నది. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము మీలో ననేకులకు జ్ఞాపకముండవచ్చును. ఆనాడు జనులు తలుపులు మూసికొని ఇండ్లలో కూర్చుండగా, రంగాపూరులో శాస్త్రజ్ఞులు పట్టపగటి చీకటిలో సూర్యుని చుట్టునున్న కాంతివలయమును పరీక్షించుచుండిరి. ఆ చీకటి వారికి కీడు కాదు, దొరకని నిధి.

మా నగరము చుక్కలను బొత్తిగా మరచినదని నేననను. నౌబత్ పహాడుపై బిర్లా నక్షత్రశాలను 1985లో ప్రారంభించినది సినిమా లోకమునుండి ముఖ్యమంత్రి పదవికి వచ్చిన నందమూరి తారక రామారావుగారే. అచ్చట టిక్కెట్టు కొని, గోపురము లోపల, యంత్రము చూపు కృత్రిమాకాశమును మా పిల్లలు చూచి సంతోషించుచున్నారు. మంచిదే. కాని టిక్కెట్టు లేకయే నిజమైన ఆకాశమును చూడగలవారు మీరు.

అందుచే నాది యొక విన్నపము. నేడు పల్లెలకును విద్యుద్దీపములు వచ్చినవి, రావలసినదే. పాములు, తేళ్లు తిరుగు దారిలో వెలుగు అవసరము. కాని దీపమునకు పైన మూత యుండి, వెలుగు నేలపై పడునట్లు చేసినచో దారియు కనబడును, ఆకాశమును కనబడును. విద్యుత్తు ఖర్చును తగ్గును. తీర్మానము చేయు అధికారము గ్రామ పెద్దలైన మీ చేతిలో నున్నది. ఒకసారి పోయిన చీకటిని తిరిగి తెచ్చుట ఎంత కష్టమో మా మేడపై నిలిచి చూచినవారికి తెలియును.

రెండవ మాట. పుష్య మాఘ మాసముల రాత్రులందు రోహిణి నడినెత్తిన నుండును; వైశాఖ జ్యేష్ఠములందు స్వాతి యుండును. మనుమలను, మనుమరాండ్రను వాకిట కూర్చుండబెట్టుకొని ఆ చుక్కలను చూపుడు. కార్తెల సంగతి చెప్పుడు; దానితోపాటు, ఆ చుక్కలో మన తాంబూలపు సున్నమునందలి లోహమే కలదనియు, దానినిబట్టి చుక్క బలమును కొలిచిన వాడొకడు హైదరాబాదులో పెరిగెననియు చెప్పుడు. వైను బప్పునకు దూరదర్శిని దగ్గరకు దారి చూపినది తండ్రి. మీ యింటి పిల్లలలో ఎవరికి అట్టి ఆసక్తి యున్నదో, చూపించిన గాని తెలియదు.